బెలుం గుహల పాఠానికి ఏది మేలు: స్లైడ్లా, నల్లబల్లా, బెలూనా?

బెలుం గుహలు ఎలా పుట్టాయో పది నిమిషాల్లో చెప్పాలి. ఎదురుగా కర్నూలు బడిలో నలభైమంది తొమ్మిదో తరగతి పిల్లలు.

3,229 మీటర్ల గుహ లోపల ఎలా ఉంటుందో ఫొటో చూపినట్టు మాటలు చూపలేవు. స్లైడ్ల బలం అదొక్కటే. మిట్టమధ్యాహ్నం, కిటికీలు తెరిచిన గదిలో ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు పెడితే వెనక బెంచీకి బూడిద మరకే మిగులుతుంది. తెల్లటి నేపథ్యం, నల్ల అక్షరాలు, 28 పాయింట్లకు తగ్గని సైజు ఉండాలి. డీటీపీ పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు బడి కంప్యూటర్లో పిచ్చిగీతలవుతుంది. యూనికోడ్‌లో రాసి, పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. కరెంటు సంగతి సరేసరి.

నల్లబల్లకు ఆ బాధ లేదు. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పలుచని ఆమ్లమై సున్నపురాయిని కరిగించే తీరు గీస్తూ చెబితే పిల్లల ఆలోచన మీ చేతి వెంటే నడుస్తుంది. పిల్లలకు వీపు పెట్టి బల్లవైపే మాట్లాడితే మాత్రం మాట గోడకే చేరుతుంది.

అసలు పట్టు బెలూన్ ప్రయోగానిది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిషింగ్ దగ్గర నాపరాయి (అదీ సున్నపురాయే) ముక్కలు వృథాగా పడుంటాయి (గుహలోంచి మాత్రం పెళ్ల కూడా తీయొద్దు). మెత్తగా దంచండి. గరుకుగా ఉంటే ఆమ్లానికి తగిలే పైభాగం తక్కువై చర్య బాగా నెమ్మదిస్తుంది. అరలీటరు సీసాలో 100 మిల్లీలీటర్ల వెనిగర్, బెలూన్‌లో రెండు చెంచాల పొడి. బెలూన్‌ను ముందే ఒకసారి ఊది సాగదీసి, మూతికి తొడిగి, పొడిని సీసాలోకి వంచాలి. పక్కన ఇంకో సీసాలో గుత్తి కొండల గ్రానైట్ పొడి. నాపరాయి కరుగుతూ వదిలే కార్బన్ డయాక్సైడుతో మొదటి బెలూన్ చీనీకాయంత (బత్తాయంత) అయినా ఉబ్బుతుంది, రెండోది వాలిపోయే ఉంటుంది. బండమీద చుక్క వేసి చూపే బుడగలు ముందు రెండు బెంచీలు దాటవు. బెలూన్ చివరి బెంచీకీ కనిపిస్తుంది.

రాయి దొరక్కపోతే సుద్దముక్క వాడొద్దు, చాలావరకు అది జిప్సం, పొంగదు. కోడిగుడ్డు పెంకు పొడి పనిచేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ వేగంగా పొంగిస్తుందిగానీ ఆ ఆవిరి, చిందే చుక్కలు పిల్లల మధ్య వద్దు.

వెనిగర్‌తో బెలూన్ ఉబ్బడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. చాలామంది దీన్ని లోపమనుకొని వంటసోడాకు మారతారు. అప్పుడు ఠక్కున పొంగుతుంది, కానీ రాయి కరిగిందన్న మాట గాల్లో కలిసిపోతుంది. బడిలో వాడబోయే రాతిపొడితోనే ఇంట్లో గడియారం పెట్టి చూసుకోండి. మొదటి నిమిషంలోనే సీసాలు అమర్చి, బెలూన్ లేచేలోపు నల్లబల్ల మీద గుహ గీసేయొచ్చు. నలభైమంది గదికి మా ఓటు ఈ జంటకే. గుహ ఫొటోలు రెండు పెద్దవి ప్రింటు తీయిస్తే చాలు.

మూడొందలమంది కూర్చునే హాల్లో లెక్క మారుతుంది. అక్కడ ఫోన్‌ను స్టాండుకు బిగించి, కెమెరాను సీసాల మీదికి తిప్పి ప్రొజెక్టర్‌కు కలపండి. కేబుల్ సరిపోతుందో లేదో ముందురోజే చూసుకోవాలి.