కుక్కతో నేషనల్ పార్కులకు ఆర్వీ అద్దెకు తీసుకుంటున్నారా? ‘పెట్ ఫ్రెండ్లీ’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

అమెరికాలో ఉంటూ ఈ వేసవిలో కుక్కను వెంటబెట్టుకుని యెల్లోస్టోన్, జయాన్, గ్రాండ్ కాన్యన్ వైపు ఆర్వీలో (పడక, వంటగది ఉన్న ఇల్లులాంటి బండిలో) బయల్దేరుదామనుకుంటున్న దంపతులకు ఈ హెచ్చరిక. మేం అద్దెకు తీసుకున్న బండి ప్రకటనలో ‘కుక్కలకు అనుకూలం, మీరు ట్రెయిల్ (కాలినడక దారి) మీద ఉన్నంతసేపూ కుక్క లోపల ఏసీలో హాయిగా ఉంటుంది’ అని రాశారు. ఆ మాట చూపించి వెనక్కి రాని పెట్ ఫీజు కూడా కట్టించుకున్నారు. తీరా అడిగితే, కుక్కను బండి ఎక్కించడానికి అభ్యంతరం లేదన్నదే దాని అర్థమట. ఏసీ హామీ ఒప్పందంలో ఎక్కడా లేదు. ఇలాంటి ప్రకటనలు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి అసలు సంగతి వివరంగా రాస్తున్నాం.

కుక్కను బండిలో వదలాల్సిన అవసరం ఎందుకొస్తుందంటే, పేరున్న పార్కుల్లో చాలావాటిలో ట్రెయిళ్ళ మీదికి కుక్కల్ని రానివ్వరు. యెల్లోస్టోన్‌లో రోడ్డు, పార్కింగ్, క్యాంప్‌గ్రౌండ్‌కి 100 అడుగుల లోపే ఉంచాలి, వేడినీటి బుగ్గల దగ్గరి చెక్కదారుల మీద కాలు పెట్టనివ్వరు. ఆర్చెస్, గ్లేసియర్, రాకీ మౌంటెన్ పార్కుల్లో దాదాపు అన్ని ట్రెయిళ్ళకూ నిషేధం. జయాన్‌లో పారుస్ ట్రెయిల్ ఒక్కటే గతి. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం కాన్యన్ లోపలికి షటిల్ బస్సులోనే వెళ్ళాలి, ఆ బస్సులో కుక్కను ఎక్కించుకోరు. అంటే ఇద్దరిలో ఒకరు కుక్క దగ్గర ఉండిపోవాలి, లేదా కుక్క బండిలో ఉండాలి. అద్దెకిచ్చేవాళ్ళు ఆశ చూపించేది సరిగ్గా ఇక్కడే.

ఆర్వీ పైకప్పు ఏసీ మామూలుగా 13,500 బీటీయూది (బీటీయూ అంటే చల్లబరిచే శక్తికి కొలత). నడుస్తున్నప్పుడు సుమారు 1,500 వాట్లు లాగుతుంది, కంప్రెసర్ అందుకునే క్షణంలో అంతకు రెండు మూడింతలు కావాలి. బండి లోపలి బ్యాటరీ చూస్తే మామూలుగా 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే 1,200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ రకమైతే అందులో సగమే వాడుకోవాలి. అంటే మిగిలేది 600 వాట్ అవర్లు. పెద్ద ఇన్వర్టర్ ఉన్నా పాతిక నిమిషాలు కూడా రాదు, అద్దె బళ్ళలో చాలావాటికి ఆ ఇన్వర్టరే ఉండదు. లైట్లు, పైకప్పు ఫ్యాను బ్యాటరీ మీద చక్కగా తిరుగుతాయి కనుక ఏసీ కూడా తిరుగుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. బండి అప్పగించేటప్పుడు లోపల చల్లగా ఉందంటే ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. మందపాటి నల్ల కేబుల్ ఒకటి బండి పక్కన చిన్న తలుపులోంచి వచ్చి అద్దె సంస్థ యార్డు గోడ ప్లగ్గులో దూరి ఉంటుంది. ఆ చల్లదనం యార్డు కరెంటుది.

కాబట్టి మామూలు అద్దె బండికి దారులు రెండే. ఒకటి క్యాంప్‌గ్రౌండ్ హుకప్ (బండికి కరెంటు తగిలించుకునే ఏర్పాటు), రెండోది జనరేటర్.

పార్కుల లోపల హుకప్పులు చాలా తక్కువ. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో తప్ప ఎక్కడా లేవు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో (లోయ దక్షిణపు అంచున) ట్రెయిలర్ విలేజ్‌లో ఉన్నాయి, దగ్గర్లోనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేవు. జయాన్ వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న సైట్లు ఉన్నాయి, జనరేటర్ వేయనివ్వరు. హుకప్ దొరికినా నిశ్చింత లేదు. మండుటెండలో అందరూ ఏసీలు వేసేసరికి వోల్టేజి పడిపోతుంది. 105 వోల్టుల కంటే దిగితే కంప్రెసర్‌కి ముప్పు. సర్జ్ ప్రొటెక్టర్‌లో (కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే పరికరంలో) తక్కువ వోల్టేజి రక్షణ ఉంటే అది కరెంటును కట్ చేసి బండిని కాపాడుతుంది, కుక్క మాత్రం వేడిలో ఉండిపోతుంది. 30 ఆంపుల బండిని అడాప్టర్ పెట్టి 15 ఆంపుల ఇంటి ప్లగ్గుకు తగిలిస్తే, ఏసీ నడుస్తుండగా ఇంకేదైనా పెద్దది ఆన్ కాగానే బ్రేకర్ పడుతుంది.

ఇక జనరేటర్. ఇలాంటి బళ్ళకు ఎక్కువగా వచ్చే 4,000 వాట్ల రకం ఏసీని నడపగలదు, అందులో సందేహం లేదు. గంటకు సుమారు అర గ్యాలన్ పెట్రోలు తాగుతుంది. అయితే దాని ఇంధన గొట్టం ట్యాంకు అడుగుదాకా వెళ్ళదు. మిమ్మల్ని అడవిలో ఇరికించకుండా పావు ట్యాంకు దగ్గరే ఆగిపోయేలా కావాలనే అలా పెడతారు. పెట్రోలు ముల్లు పావు దగ్గర ఉండగా జనరేటర్ వేసి ట్రెయిల్‌కి వెళ్తే, మీరు తిరిగొచ్చేలోపే అది ఆగిపోయి ఉంటుంది. ఎత్తు సంగతి కూడా చూసుకోవాలి. ప్రతి 1,000 అడుగులకూ సుమారు 3.5 శాతం శక్తి తగ్గుతుంది, కనుక 8,000 అడుగుల దగ్గర 4,000 వాట్లది 2,900కి దిగుతుంది. చాలా మోడళ్ళలో కార్బురేటర్ దగ్గర ఎత్తుకు తగ్గట్టు తిప్పే నాబ్ ఉంటుంది. మైదానం నుంచి వచ్చిన బండిలో దాన్ని ఎవరూ తిప్పరు, పైకెళ్ళాక ఇంజను దడదడలాడి ఆగిపోతుంది. దానంతటదే మళ్ళీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు మామూలు అద్దె బళ్ళలో ఉండదు.

వేళలు కూడా కట్టుబాటే. యెల్లోస్టోన్‌లో జనరేటర్లకు అనుమతి ఉన్న క్యాంపుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. పైగా 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ మించితే ఫెడరల్ నిబంధన ప్రకారం తప్పు.

‘లోపల వేడెక్కితే ఫోనుకి మెసేజ్ వస్తుంది’ అంటూ ఉష్ణోగ్రత అలారం కూడా అద్దెకు అంటగడతారు. అది సెల్ సిగ్నల్ మీద పనిచేస్తుంది. యెల్లోస్టోన్‌లో, డెత్ వ్యాలీలో చాలా చోట్ల సిగ్నలే లేదు. ట్రెయిల్ మీద మీ ఫోనుకీ అందదు. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా, మూసిన కారులో అరగంటకు సుమారు 104కి చేరుతుంది. ఆర్వీ కొంచెం నెమ్మదిగా వేడెక్కుతుందేమో గానీ జయాన్‌లో జులై ఎండ 100 దాటడం మామూలే. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. లోపలి గాలే వేడిగా ఉంటే ఆ రొప్పడం కూడా పనిచేయదు. అందుకే ఈ విషయంలో రాజీ వద్దంటున్నాం.

ఇంకొక మోసం, ఆన్‌లైన్‌లో అమ్మే ‘సర్వీస్ డాగ్ రిజిస్ట్రేషన్’ కార్డు, కుక్కకు తొడిగే వెస్టు (చిన్న కోటు). అలాంటి అధికారిక రిజిస్ట్రేషన్ అమెరికాలో లేనే లేదు. వైకల్యం ఉన్నవారికి ఫలానా పని చేసిపెట్టేలా శిక్షణ పొందిన కుక్కకే (సర్వీస్ డాగ్) మామూలు కుక్కల్ని రానివ్వని చోట్లకు వెళ్ళే హక్కు, మనసుకు ఊరటగా పెంచుకునే ఎమోషనల్ సపోర్ట్ కుక్కకు లేదు. ఆ కార్డు చూపించి ట్రెయిల్ ఎక్కుదామంటే కుదరదు. చాలా రాష్ట్రాల్లో అలా చెప్పుకోవడం నేరం కూడా.

డబ్బు కట్టేముందు ఇవి రాతపూర్వకంగా తీసుకోండి: జనరేటర్ రోజుకు ఎన్ని గంటలు ఉచితం, ఆపైన గంటకు ఎంత, కుక్క వెంట్రుకలకు క్లీనింగ్ ఛార్జి ఎంత, దోమతెర తలుపు చిరిగితే ఎంత. రోజుకు 3 గంటలు ఉచితమై మీరు 6 గంటలు నడిపితే, 10 రోజులకు 30 గంటల బిల్లు అదనం. దోమతెరను కుక్క గోళ్ళతో చీల్చడం చాలా మామూలుగా జరిగేదే, తలుపు కింది సగానికి అడ్డంగా ప్లాస్టిక్ గ్రిల్ బిగించుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.

అప్పగించే రోజు యార్డు కేబుల్ తీయించి, జనరేటర్ మీద ఏసీని అరగంట నడిపించండి. ఆ తర్వాత మైక్రోవేవ్ కూడా ఆన్ చేసి చూడండి. జనరేటర్ అవర్ మీటరు (ఎన్ని గంటలు నడిచిందో చూపేది), ఓడోమీటరు, సీట్ల గుడ్డలు, తెరలు, పరుపు కింది భాగం, వీటన్నిటి ఫొటోలు తీసుకోండి.

ప్లానే మార్చుకోగలిగితే ఇంకా మంచిది. పెట్రిఫైడ్ ఫారెస్ట్, వైట్ శాండ్స్, అకేడియా, షెనాండోవాలో కుక్కతో బాగా నడవొచ్చు. షెనాండోవాలో దాదాపు 500 మైళ్ళ ట్రెయిళ్ళలో కొన్ని తప్ప అన్నీ తెరిచే ఉంటాయి. గ్రేట్ శాండ్ డ్యూన్స్ కూడా మంచిదే గానీ వేసవి మధ్యాహ్నం ఇసుక 150 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరుతుంది, పొద్దున్నే వెళ్ళాలి. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ మీద అంచు వెంట ఉన్న దారుల్లో కుక్క నడవొచ్చు, లోయలోకి దిగకూడదు. దిగాలనుకుంటే పార్కులోనే ఉన్న కెన్నెల్‌లో (కుక్కల్ని ఉంచుకుని చూసుకునే చోట) ముందుగా బుక్ చేసుకుని, టీకాల కాగితాలతో అప్పగించండి. పార్కుల చుట్టూ ఉన్న నేషనల్ ఫారెస్టుల్లో చాలా ట్రెయిళ్ళకు కుక్కల్ని రానిస్తారు. పట్టీ ఎక్కడైనా 6 అడుగులు మించకుండా చూసుకోండి.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, ఆ ప్రకటన పేజీని ఈరోజే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. గొడవయ్యాక అందులోని మాటలు మారిపోవచ్చు. డబ్బు వెనక్కి ఇప్పించమని క్రెడిట్ కార్డు సంస్థకు డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయాల్సి వస్తే ఆ స్క్రీన్‌షాట్, ఒప్పందం, అవర్ మీటరు ఫొటో మూడూ కలిపి పంపండి.