ఎక్స్2 మిల్లుకి బెల్టు, త్రీ ఫేజ్ మోటారు: మూడేళ్ల వాడకం తర్వాత

ఎక్స్2 అంటే చిన్న మిల్లింగ్ యంత్రం. దాని గేర్లు, డీసీ మోటారు తీసేసి బెల్టు, త్రీ ఫేజ్ మోటారు పెట్టాను. ముందు చప్పుడు సంగతి చెప్పాలి. ఎక్స్2 హెడ్‌లోని ప్లాస్టిక్ గేర్లు 2000 ఆర్పీఎం దగ్గర మిక్సీలో రాళ్లు వేసినట్టు మోగేవి. ఇప్పుడు వినిపించేది కట్టర్ లోహాన్ని కొరికే శబ్దం ఒక్కటే. ఇది చెవులకు సుఖం ఒక్కటే కాదు, పనికొచ్చే సుఖం. కట్టర్ మొద్దుబారినా, స్లాట్‌లో లోహపు చిప్ ఇరుక్కున్నా, వైస్‌లో ముక్క కదిలినా ముందు చెవికే తెలిసిపోతుంది. గేర్ల గోలలో ఇవేవీ విడిగా వినపడేవి కావు. మూడేళ్లలో ఈ మార్పు మీద పెట్టిన డబ్బు గుర్తొచ్చి బాధపడని కారణం ఇదొక్కటే అన్నా తప్పు లేదు.

పెట్టినవి ఇవి: 0.37 కిలోవాట్ల (అర హెచ్‌పీ) 4 పోల్ మోటారు, 71 ఫ్రేము (మోటారు సైజు నంబరు), బీ14 ఫ్లాంజి (ముందు ముఖం మీద బిగించేది), 14 మి.మీ. షాఫ్టు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకునే 0.75 కిలోవాట్ల వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని మార్చే పెట్టె). జె సెక్షన్ పాలీ-వి బెల్టు (లోపలి వైపు పొడవునా గీతలుండే పలచని బెల్టు), 6 గీతలది. రెండు మెట్ల పుల్లీలు: ఒక మెట్టు మోటారు మీద 50, స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) మీద 100 మి.మీ.; రెండోది 90, 60. రెండిట్లోనూ మొత్తం 150 కాబట్టి ఒకే బెల్టు సరిపోతుంది. 50 హెర్ట్జ్ దగ్గర కింది మెట్టులో స్పిండిల్ 690, పై మెట్టులో 2070 తిరుగుతుంది. పై మెట్టులో 60 హెర్ట్జ్ ఇస్తే 2500 వస్తుంది. అసలు యంత్రం గరిష్ఠ వేగమూ అంతే, బేరింగులను అంతకు మించి తిప్పడం లేదు.

జె సెక్షన్‌లో గాడుల మధ్య దూరం 2.34 మి.మీ., కోణం 40 డిగ్రీలు. లేత్ మీద అల్యూమినియం పుల్లీకి గాడులు కోసేటప్పుడు ప్రతి గాడినీ దాని పక్క గాడి నుంచి కాకుండా మొదటి అంచు నుంచే డయల్ పెట్టి కొలవాలి. గాడికి 0.05 చొప్పున తప్పినా ఆరో గాడి దగ్గరికి పావు మి.మీ. పక్కకి పోతుంది. అప్పుడు బెల్టు ఒక వైపు ఎక్కి అరుగుతుంది. రెండు పుల్లీల కేంద్రాల మధ్య దూరం 150 మి.మీ. ఉంటే బెల్టు పొడవు 540 మి.మీ. దగ్గర పడుతుంది. ఇంత పొట్టి జె బెల్టు మామూలు ఆటో షాపులో దొరకదు, కాబట్టి బెల్టు చేతికి వచ్చాకే మోటారు ప్లేటుకి స్లాట్లు కొయ్యాలి.

ఇక అసలు కథ. బిగించి ఆన్ చేస్తే గాలిలో అద్భుతంగా తిరిగింది. నాబు తిప్పితే 100 నుంచి 2500 దాకా వెన్నలా ఎక్కింది. మైల్డ్ స్టీల్‌లో 10 మి.మీ. డ్రిల్లు దింపగానే స్పిండిల్ ఆగిపోయింది. వీఎఫ్‌డీ ట్రిప్ కాలేదు. తెర మీద 25 హెర్ట్జ్ అలాగే వెలుగుతోంది. అది చూపించేది తాను పంపే ఫ్రీక్వెన్సీని, షాఫ్టు వేగాన్ని కాదు. ఇక్కడ అందరి వేలూ బెల్టు వైపే పోతుంది, నాదీ అటే పోయింది. బిగించాను, ఇంకా బిగించాను. స్పిండిల్ పై బేరింగు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది తప్ప డ్రిల్లు ముందుకు పోలేదు.

బెల్టుదా మోటారుదా అన్నది ఒక్క సుద్ద గీతతో తేలుతుంది. మోటారు పుల్లీ మీదుగా బెల్టు మీదికి గీత గీసి, మళ్లీ ఆగేదాకా డ్రిల్లు నొక్కి చూడాలి. పుల్లీ తిరుగుతూ బెల్టు నిలబడితే తప్పు బెల్టుది. రెండూ కలిసి నిలబడితే మోటారుది. ఇక్కడ రెండూ నిలబడ్డాయి.

కారణం నేమ్ ప్లేటు మీదే ఉంది: 415 వోల్టులు, స్టార్ (మూడు కాయిళ్ల ఒక్కో చివరని ఒకే చోట కలిపే పద్ధతి). మన దగ్గర దొరికే చిన్న త్రీ ఫేజ్ మోటార్లలో చాలావాటికి స్టార్ లోపలే కట్టేసి టెర్మినల్ బాక్సులోకి మూడు వైర్లే తెస్తారు. సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్. టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 415 బదులు 230 ఇస్తే మిగిలేది మూడో వంతు కూడా కాదు. ఊళ్లో పంపు సెట్టుకి స్టార్-డెల్టా స్టార్టరు వాడే రైతుకి ఇది కొత్త కాదు. స్టార్‌లో ఉన్నంతసేపూ మోటారు మెత్తగా ఉంటుందని ఆయనకి తెలుసు. వీఎఫ్‌డీ కొనే మనమే మర్చిపోతాం.

మోటారు విప్పకుండా ఒక మధ్యే మార్గం ఉంది. వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ (పూర్తి వోల్టేజి అందే ఫ్రీక్వెన్సీ) 50 బదులు 28, మోటారు వోల్టేజి 230, కరెంటు నేమ్ ప్లేటు మీద ఉన్నంతే (ఈ మోటారుకి 1.15 ఆంపియర్లు) పెట్టాలి. 28 హెర్ట్జ్ దాకా పూర్తి టార్క్ వస్తుంది, ఆపైన తగ్గుతూ పోతుంది. మొత్తం శక్తి మాత్రం 0.2 కిలోవాట్లే. అల్యూమినియానికి చాలు. నాలుగు నెలలు ఇలాగే నడిచింది.

శాశ్వత మందు డెల్టా, అంటే ఒక్కో కాయిల్‌కి 230 వోల్టులూ నేరుగా అందేలా మూడిటినీ త్రికోణంగా కలపడం. వెనక మూత విప్పితే వైండింగ్ అంచున దారంతో కట్టిన చోట స్లీవ్‌లో మూడు తీగలు కలిసిన అతుకు ఉంటుంది. అదే స్టార్ పాయింటు. దారం కోసి, వార్నిష్‌ని హీట్ గన్‌తో మెత్తబరిచి, అతుకు విడదీసి, ఒక్కోదానికి సన్న తీగల వైరు సోల్డర్ చేసి, ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగి బయటికి తేవాలి. మళ్లీ దారం కట్టి వార్నిష్ పూయాలి. ఏ చివర ఏ కాయిల్‌దో మల్టీమీటరుతో గుర్తు పెట్టుకుంటే చాలు. స్టార్ పాయింటు నుంచి వచ్చినవన్నీ ఒకే రకం చివరలు గనక దిశ తప్పే భయం లేదు. యూ, వీ, డబ్ల్యూ అంటే మూడు కాయిళ్లు; 1 ముందే బాక్సులోకి వచ్చిన చివర, 2 స్టార్ పాయింటు నుంచి తెచ్చినది. కలపాల్సిన జతలు: యూ1తో డబ్ల్యూ2, వీ1తో యూ2, డబ్ల్యూ1తో వీ2. చివర్లో 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) బాడీకి పరీక్షించి 1 మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే కరెంటు ఇవ్వకూడదు. చెయ్యి తిరగకపోతే బోరు మోటార్లు కట్టే వైండింగ్ షాపుకి ఇవ్వడం మేలు, వాళ్లకిది గంట పని. తర్వాత వీఎఫ్‌డీలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 2 ఆంపియర్లు అని మార్చాలి. పాత 1.15 అలాగే వదిలేస్తే ఊరికే ఓవర్‌లోడ్ అంటుంది. అదే 10 మి.మీ. డ్రిల్లు ఇప్పుడు ఆగదు.

వెన్నలా అన్నాను కదా, ఆ మాట కొంచెం తగ్గించాలి. నాబు గేరు కాదు. 50 హెర్ట్జ్ కింద టార్క్ మహా అయితే అలాగే ఉంటుంది, పెరగదు. శక్తి ఫ్రీక్వెన్సీతో పాటే తగ్గుతుంది. 50 మి.మీ. ఫ్లైకట్టర్‌ని (ఒకే పంటితో పై ముఖాన్ని చదును చేసే కట్టర్) ఉక్కు మీద 160 దగ్గర తిప్పాలంటే 12 హెర్ట్జ్‌కి దిగాలి, అక్కడ చేతికందేది 90 వాట్ల లోపే. కోత 0.2 మి.మీ. దాటనివ్వదు. బెల్టు మార్చడానికి బద్ధకించి పై మెట్టులోనే ఉంచి నాబు తిప్పితే ఇంకా ఘోరం. 20 హెర్ట్జ్ కింద పది నిమిషాలు దాటితే మోటారు ఫ్యాను గాలి చాలదు. వెనక విడిగా 120 మి.మీ. ఫ్యాను పెట్టక తప్పలేదు. నిశ్శబ్దం కూడా పూర్తి నిశ్శబ్దం కాదు, వీఎఫ్‌డీలో క్యారియర్‌ని (దాని లోపలి స్విచింగ్ వేగం) 8 కిలోహెర్ట్జ్‌కి పెంచేదాకా మోటారు దోమలా కూసేది.

ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) ఉంటే వీఎఫ్‌డీ ఫిల్టరు లీకేజికి అప్పుడప్పుడు పడిపోతుంది. ఎర్త్ వైరు పీకేస్తే ఆగుతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు, ప్రాణం మీదికొస్తుంది. మోటారు కేబులు షీల్డుది వాడి మీటరున్నర లోపు ఉంచితే, మిల్లుకి విడి లైను లాగితే నా దగ్గర ఆగింది. వీఎఫ్‌డీకి, మోటారుకి మధ్య స్విచ్చు పెట్టకూడదు. స్టార్టు, స్టాపు రెండూ కంట్రోల్ టెర్మినళ్ల నుంచే ఇవ్వాలి.

పాత గేర్ల గురించి ఒక మంచి మాట. కట్టర్ గట్టిగా ఇరుక్కున్నప్పుడు పళ్లు తాము రాలి, స్పిండిల్‌ని కాపాడేవి. ఇప్పుడు ఆ పని బెల్టు జారి చేస్తోంది, కాబట్టి దాన్ని అతిగా బిగించడం మానేశాను. కూలెంటు చిమ్మితే మాత్రం అక్కర్లేనప్పుడూ జారుతుంది, కవరు తప్పనిసరి. కొత్త మోటారు పాతదానికన్నా బాగా బరువు. హెడ్‌ బరువు మోసే స్ప్రింగు చేయి చాలక గ్యాస్ స్ప్రింగు పెట్టాల్సొచ్చింది.

నా పనిలో ముప్పాతిక అల్యూమినియం, ఇత్తడి. పుల్లీలకి లేత్ ఉంది, వైండింగ్ షాపు రెండు వీధుల అవతలే ఉంది. ఇవి లేనివాళ్లకి, రోజూ ఉక్కు కోసేవాళ్లకి ఈ పని చెయ్యమని చెప్పలేను. పాత డీసీ మోటారు, బోర్డు బాగానే ఉంటే వాటికే బెల్టు తగిలించి చూడండి. చప్పుడు తగ్గడంలో ఎక్కువ వంతు బెల్టుదే, త్రీ ఫేజ్‌ది కాదు.