మునిగే ముందు గబగబా ఊపిరా, నెమ్మది ఊపిరా?

నాగావళిలో నీళ్లు తగ్గి మడుగులు కడితే చాలు, మా శ్రీకాకుళం పిల్లలకు ఒకటే పందెం: నీటి అడుగున ఎవరు ఎక్కువసేపు ఉంటారని. "మావయ్యా, మునిగే ముందు గబగబా ఇరవైసార్లు ఊపిరి తీస్తే ఎక్కువసేపు ఉండొచ్చంట కదా?" అని నన్ను అడగని గుంటడు లేడు.

ఉండొచ్చు. అందుకే వద్దంటాను.

ఆరోగ్యంగా ఉన్నవాడి రక్తంలో హిమోగ్లోబిన్ మామూలు ఊపిరికే 95 శాతం పైగా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. గబగబా పీల్చినా కొత్తగా పట్టేది కొంచెమే. తగ్గేది మాత్రం కార్బన్ డయాక్సైడ్. చిన్నప్పుడు నేనూ అలాగే చేసి, వేళ్లు తిమ్మిరెక్కి తల తేలిపోతుంటే బలం వచ్చిందనుకునేవాణ్ణి. అది ఈ వాయువు పడిపోయిన గుర్తని తర్వాతెప్పుడో తెలిసింది.

'ఇక ఆగలేను' అనిపించేది ముఖ్యంగా ఈ వాయువు పెరగడం వల్లే. ఇది రక్తంలోంచి మెదడులోకి సులువుగా దాటి, అక్కడి నీటితో కలిసి ఆమ్లమవుతుంది. ఆ మార్పును మెదడు కాండంలోని మెడుల్లా కణాలు పసిగట్టి ఊపిరి తీయమని తొందరపెడతాయి. ఆక్సిజన్‌కూ కాపలా ఉంది, మెడలో రెండు పక్కలా ఉండే కెరోటిడ్ బాడీలు. ఊపిరిని నడపడంలో వీటి పాత్ర తేల్చినందుకే కార్నెయ్ హేమన్స్‌కు 1938 నోబెల్. కానీ రక్తంలో ఆక్సిజన్ పీడనం మామూలు వందకు దగ్గర్నుంచి 60 మిల్లీమీటర్లకు (పాదరసం కొలతలో) పడితేగాని ఆ కాపలా గట్టిగా కేకేయదు.

గబగబా ఊపిరి తీసి మునిగినవాడికి మొదటి హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి, ఏ ఇబ్బందీ తెలియకుండానే స్పృహ తప్పొచ్చు. ఎంత ఈతగాడైనా అంతే. గట్టు మీదున్నవాళ్లు మాత్రం వాడు పందెం గెలుస్తున్నాడనే అనుకుంటారు.

నెమ్మదిగా ఒక్క ఊపిరి తీసి మునిగితే బేగి పైకి రావాల్సి వస్తుంది, పందెం ఓడిపోతారు. నేను ఎన్నిసార్లు ఓడానో లెక్కలేదు. అయినా నా ఓటు దీనికే.

బుగ్గల నిండా గాలి బిగబట్టడమంటారా? ఆ గాలి ఊపిరితిత్తులకే చేరదు, వదిలేయండి.

మానమంటే మానరు కాబట్టి ఈ ఏడు పందెమే మార్చాను. నడుము లోతు నీళ్లలో, పక్కన పెద్దవాళ్లు నిలబడగా, అడుగునున్న గులకరాళ్లు ఎవరు ఎక్కువ తెస్తారని. మునకకు ఒక్కటే రాయి, మధ్యలో తీరిగ్గా ఊపిరి.