నాలుగేళ్లుగా నా సంచిలో ఉన్న 64 జీబీ పెన్ డ్రైవ్: పనీ, పేచీలూ

పోయిన నెల విశాఖపట్నం అల్లిపురంలో ఒక ప్రెస్సుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు నా పెన్ డ్రైవ్ సిస్టమ్‌కి పెట్టి, తెరమీద వచ్చిన బాక్సు చదవకుండానే మౌస్‌ని ‘ఫార్మాట్ డిస్క్’ మీదకి తీసుకెళ్లాడు. “ఆగు బాబూ, ఆగు” అని దాదాపు చెయ్యి పట్టుకున్నాను. “ఏటక్కా, డ్రైవ్ పోయినట్టుంది. ఫార్మాట్ కొట్టేస్తే వచ్చేస్తాది కదా” అన్నాడు. డ్రైవ్ వస్తుంది, నిజమే. అందులో ఉన్న గుడి వార్షికోత్సవ సంచిక, 96 పేజీలు, రాదు. డ్రైవ్ తీసి సీపీయూ వెనక పోర్టులో పెట్టమన్నాను. పెట్టగానే ఫోల్డర్లన్నీ వరసగా కనబడ్డాయి. ఇదంతా రాయాలనిపించింది ఆ రోజే.

మాది పెదవాల్తేరు. ఇంటి దగ్గరే డీటీపీ చేస్తాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సంచికలు నా పని. ఈ డ్రైవ్ 2021లో డాబాగార్డెన్స్‌లో కొన్నాను. యూఎస్‌బీ 3.0, రేకు బాడీ, మూత లేదు. ఇంట్లో నా విండోస్ 10 డెస్క్‌టాప్, ప్రెస్సులో పాత విండోస్ 7, ద్వారకానగర్‌లో నాకు బొమ్మలు గీసిచ్చే అమ్మాయి మ్యాక్‌బుక్, మా అబ్బాయి ఉబుంటు లినక్స్ ల్యాప్‌టాప్. ఈ నాలుగింటి మధ్యా దాదాపు రోజూ తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ ఇబ్బందులు ఏ కంపెనీ డ్రైవ్‌తోనైనా వచ్చేవే.

కొన్నరోజే 64కి బదులు 59 చిల్లర చూపిస్తే మోసపోయానేమో అనుకున్నాను. కాదు. కంపెనీ వాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే తేడా. అసలు మోసం వేరే ఉంటుంది. తక్కువ ధరకి 1 టీబీ అని అమ్మే డ్రైవ్‌లలో నిజంగా ఉండేది 16 జీబీయో 32 జీబీయో. అది నిండేదాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత వేసిన ఫైళ్లు పాడవుతాయి. అందుకే కొత్తది కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించి చూస్తాను. రెండు మూడు గంటలు పట్టినా తర్వాత నిశ్చింతగా ఉండొచ్చు.

నా మొదటి పేచీ 4 జీబీ దగ్గర వచ్చింది. మా ఆడపడుచు కూతురి అరంగేట్రం. ఆడిటోరియంలో ఎల్ఈడీ తెర మీద వేయడానికి 5 జీబీ దాటిన వీడియో ఒకటి తీసుకెళ్లాలి. డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉంది. అయినా ‘ఫైల్ చాలా పెద్దది’ అని ఒకటే మెసేజ్. మూడుసార్లు ప్రయత్నించాను, టైమ్ దగ్గరపడుతుంటే టెన్షన్. చివరికి మా అబ్బాయి ప్రాపర్టీస్ తెరిచి చూపించాడు. డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది, అంటే ఫైళ్లని డ్రైవ్‌లో సర్దే పాత పద్ధతిలో. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్ల గడే ఉంటుంది, 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకే ఆ అంకె పడుతుంది. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా దానికి సంబంధం లేదు. ఉన్నవన్నీ కంప్యూటర్లోకి తీసి, ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలోకి ఫార్మాట్ చేశాడు. వీడియో ఎక్కింది.

అప్పట్నుంచీ ఎక్స్‌ఫ్యాట్‌లోనే వాడుతున్నాను. విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్ కూడా కొన్నాళ్లు చూశాను. ద్వారకానగర్ వెళ్లినప్పుడు మ్యాక్‌లో ఫైళ్లు తెరుచుకునేవి, కొత్తవి మాత్రం అందులో వేయనిచ్చేది కాదు. ఎన్‌టీఎఫ్ఎస్‌ని మ్యాక్ మామూలుగా చదువుతుందే గానీ రాయదు. ఎక్స్‌ఫ్యాట్ అయితే విండోస్ 7 దగ్గర్నుంచి మ్యాక్ దాకా అన్నిటికీ సరిపోతుంది. లినక్స్‌లో కూడా 2019లో వచ్చిన 5.4 కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి మూల ప్రోగ్రామ్) నుంచి దానంతటదే తెరుచుకుంటోంది. పాత టీవీలు, కార్లలో స్టీరియోలు మాత్రం చాలావరకు ఫ్యాట్32నే అడుగుతాయి. వాటికోసం ఒక పాత 8 జీబీ డ్రైవ్ వేరే ఉంచాను.

మ్యాక్ దగ్గర ఇంకో సంగతి. ఒకసారి ఆ అమ్మాయి డ్రైవ్‌లో పాత ఫైళ్లన్నీ డిలీట్ చేసి ఇచ్చింది. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లు లేవు, కానీ 30 జీబీ నిండే ఉంది. మ్యాక్‌లో డిలీట్ చేసినవి డ్రైవ్‌లోనే కనబడని ట్రాష్ ఫోల్డర్లో కూర్చుంటాయట. డ్రైవ్ తియ్యకముందే ‘ఎంప్టీ ట్రాష్’ కొట్టాలి. ఇప్పుడు నేను గుర్తు చేయకుండానే ఆ అమ్మాయి కొడుతుంది.

వైరస్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఊళ్లో ఏ జిరాక్స్ షాపుకి వెళ్లినా అంటుకునేది ఇదే. ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయి, బొమ్మ మూలన చిన్న బాణం గుర్తుతో ఉన్నాయి. మన ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాక్కుని ఉంటాయి. వైరస్ అసలు ఫోల్డర్లకి హిడెన్, సిస్టమ్ అనే రెండు ముద్రలూ వేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కితే మన కంప్యూటర్లోకీ పాకుతుంది, కాబట్టి నొక్కకూడదు. వ్యూలో ‘హిడెన్ ఐటమ్స్’ టిక్ చేస్తే చాలదు. ఆప్షన్స్‌లోకి వెళ్లి, సిస్టమ్ ఫైళ్లని దాచి ఉంచమనే టిక్ కూడా తీసెయ్యాలి. అప్పుడు అసలు ఫోల్డర్లు లేత రంగులో కనబడతాయి. ప్రాపర్టీస్‌లో హిడెన్ తీసేద్దామంటే ఆ గడి నొక్కనివ్వదు, సిస్టమ్ ముద్ర ఉంది కాబట్టి. దానికి కమాండ్ ప్రాంప్ట్‌లో, ఈ ముద్రలు తీసేసే అట్రిబ్ కమాండ్ వాడాలి. నేనైతే ముందు ఫోల్డర్లని కంప్యూటర్లోకి కాపీ చేసి, స్కాన్ చేయించి, డ్రైవ్ ఫార్మాట్ చేసి, తిరిగి వేసుకున్నాను. ఒక్క పేజీ కూడా పోలేదు.

డ్రైవ్ తప్పు లేకపోయినా డ్రైవ్ మీదకి నింద వచ్చేది ఒకటుంది. డీటీపీ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో చక్కగా కంపోజ్ చేసిన శుభలేఖ ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే, ‘మంగళ’ ఉన్నచోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు. “పెన్ డ్రైవ్‌లో కరప్ట్ అయిందమ్మా” అంటారు. అవలేదు. మేం వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే తెలుగు అక్షరాలకి అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న సంకేతాలు వాడవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు పెట్టి చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్ ఏం చేస్తుంది, ఆ స్థానంలో ఉన్న ఇంగ్లీషు అక్షరమే చూపిస్తుంది. అందుకే నేను ప్రెస్సుకి పట్టుకెళ్లేటప్పుడు ఓపెన్ ఫైల్‌తో (దిద్దుకోవడానికి వీలున్న అసలు ఫైలు) పాటు ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే లోపలే పొదిగిన పీడీఎఫ్ వేస్తాను, కోరల్‌డ్రాలో చేసినదైతే అక్షరాలని గీతల బొమ్మలుగా, అంటే కర్వ్స్‌లోకి మార్చిన కాపీ ఒకటి వేస్తాను. వరుడి పేరులో ఒత్తు ఎగిరిపోయిన కార్డులు ఐదు వందలు అచ్చయ్యాక మళ్లీ వేయించడం ఎలా ఉంటుందో నేను చూశాను.

ముందువైపు పోర్టు సంగతి చెప్పి తీరాలి. సీపీయూ ముందువైపు పోర్టులు లోపల సన్నని వైరుతో మదర్‌బోర్డుకి కలిసి ఉంటాయి. పదిమంది పదిసార్లు గుచ్చేసరికి వదులవుతాయి. వెనక పోర్టులు బోర్డుకే అతికి ఉంటాయి. డ్రైవ్ కనిపించి మాయమవుతున్నా, ఫార్మాట్ అడుగుతున్నా నేను మొదట వెనక పోర్టు, తర్వాత ఇంకో కంప్యూటర్ చూస్తాను. లైటు వెలిగి డ్రైవ్ మాత్రం కనబడకపోతే విండోస్‌లో డ్రైవ్‌లన్నీ, వాటి అక్షరాలూ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుస్తాను. ప్రెస్సులో నెట్‌వర్క్ డ్రైవ్ ఒకటి ‘ఎఫ్’ అక్షరం పట్టుకుని ఉండేది, నాదీ అదే అడిగేది. అక్షరం మార్చగానే వచ్చింది.

మా వైపు సముద్రపు గాలి కూడా కలిసింది. ఏటా కిటికీ గ్రిల్స్‌కి రంగు వేయించకపోతే పొరలు పొరలుగా తుప్పు రాలుతుంది. అలాంటిచోట మూతలేని డ్రైవ్. రెండో ఏడు లోపలి పసుపు పట్టీలు మసకబారాయి, ఒకదాని అంచున ఆకుపచ్చగా చిలుము. కూలర్ పక్కన కూర్చున్నట్టు చెమ్మ ఉండే మా వరండాలోంచి దాన్ని బీరువాలోకి మార్చాను. చెవిలో తిప్పే దూది ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి, బాగా ఆరనిచ్చి పెడితే మళ్లీ పలికింది. ఇప్పుడు చిన్న జిప్ కవర్లో ఉంచుతాను.

స్పీడ్ బాగుంది, నీలం పోర్టులో, అంటే 3.0 పోర్టులో పెడితే. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టులో నత్తనడకే. వేల కొద్దీ చిన్న ఫొటోలుంటే ఏ పోర్టులోనైనా నెమ్మదే, జిప్ చేసి వేసుకోవడం నయం.

నేను నిజంగా పోగొట్టుకున్నది ఒక్కసారే, అదీ తొందర వల్ల. కాపీ బాక్సు మాయమైంది కదా అని మ్యాక్‌లోంచి ఎజెక్ట్ కొట్టకుండా లాగేశాను. బాక్సు పోయినా లోపల రాయడం ఇంకా అయి ఉండకపోవచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఎన్‌టీఎఫ్ఎస్‌లా చేసే పని ముందుగా చిట్టా రాసుకునే అలవాటు లేదు, మధ్యలో తెగితే కోలుకోవడం కష్టం. ఆరు కవర్ పేజీలు సున్నా బైట్లతో మిగిలాయి. విండోస్ 10లో 2018 అక్టోబర్ అప్‌డేట్ నుంచి త్వరగా తీసేయడానికి వీలయ్యే సెట్టింగే మామూలుగా ఉంటున్న మాట నిజమే. అయినా కాపీ నడుస్తుండగా లాగితే ఎవరూ కాపాడలేరు. నేను ఎజెక్ట్ కొట్టి, లైటు ఆగేదాకా చూసి తీస్తున్నాను.

ఇంత చెప్పి కూడా ఈ చిన్న రేకుముక్క మీద నాకు ప్రేమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా గది కిటికీ అద్దం పగిలి సీపీయూలోకి వాన కొట్టింది. హార్డ్ డిస్క్ తేరుకోలేదు. అప్పటి నా పనిలో మిగిలింది హ్యాండ్‌బ్యాగులో ఉన్న 8 జీబీ పెన్ డ్రైవ్‌లోదే. ఇందాక పాత టీవీల కోసం ఉంచానన్నది ఆ డ్రైవే. అప్పట్నుంచీ ఏ పనీ ఒక్కచోటే ఉంచను. పెన్ డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి.

మళ్లీ కొనాల్సొస్తే 64 జీబీ, 3.0, రేకు బాడీ ఇలాంటిదే కొంటాను, మూత ఉన్నది చూసి. దొరికితే పక్కన చిన్న లాక్ మీట ఉన్నది కావాలి. అది వేస్తే బయటి కంప్యూటర్ ఫైళ్లు చదవగలదు గానీ ఏమీ రాయలేదు, వైరస్ కూడా ఎక్కలేదు. డాబాగార్డెన్స్‌లో నాలుగు షాపులు అడిగాను. ఎక్కడా లేదు, తెప్పించమని ఒకాయనకి చెప్పి వచ్చాను.