6జీ ఎలా ఉండాలని మనల్ని అడిగే వర్క్‌షాప్: నా రేటింగ్ ఐదుకి మూడు స్టార్లు

నేను బెంగళూరు మారతహళ్ళిలో ఆడపిల్లల పీజీ నడుపుతాను. జయనగర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ శనివారం పొద్దున పెట్టిన ఈ వర్క్‌షాప్‌కి మా పీజీ అమ్మాయే నా పేరు రాయించింది. "తెలుగు టేబుల్ కూడా ఉందట ఆంటీ, రండి" అంది. ఫీజు లేదు. రాబోయే 6జీ నెట్‌వర్క్ ఎలా ఉండాలో మామూలు జనం చెప్పాలి, వాళ్ళు రాసుకుంటారు.

మొదటి గంట దండగ. స్క్రీన్ మీద హోలోగ్రామ్‌లు, డ్రైవర్ లేని కార్లు చూపించి, నచ్చిన దాని కింద రంగు చీటీలు అతికించమన్నారు. పెళ్ళివాళ్ళు వచ్చి స్వీటు ఏది వేయమంటారని అడిగినట్టుంది. ఖర్చు ఎవరిది, వంట ఎవరిది అన్న మాట మాత్రం ఎత్తలేదు.

అసలు సంగతి టేబుళ్ళ దగ్గర మొదలైంది. మా టేబుల్‌కి వచ్చిన కుర్రాడిది అనంతపురం, టెలికాంలో రీసెర్చ్ చేస్తున్నాడట. మంచి ఓపిక. 6జీకి పునాది లాంటి పత్రాన్ని ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023 నవంబర్‌లో ఆమోదించిందనీ, 6జీని వాళ్ళు ఐఎంటీ-2030 అంటారనీ, అందులో ఆరు రకాల వాడకాలు ఉన్నాయనీ చెప్పాడు. వాటిలో ఒకటి వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. రేడియో తరంగాలు మనుషులకీ వస్తువులకీ తగిలి వెనక్కి వస్తాయి కదా, వాటిని బట్టి ఎక్కడ ఏం కదులుతోందో నెట్‌వర్కే కనిపెట్టగలదట. చేతిలో ఫోన్ లేకపోయినా సరే. గోడ దాటి ఎంతవరకు తెలుస్తుందన్నది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుందట.

నా బిల్డింగ్ నిండా ఆడపిల్లలు. కారిడార్‌లో సీసీ కెమెరా పెట్టేముందే రికార్డింగ్ ఎవరు చూడొచ్చో, ఎన్ని రోజులు ఉంచుతామో పిల్లలతో మాట్లాడి నోటీసు బోర్డులో పెట్టాను. మరి ఈ టవర్ కనిపెట్టింది ఎవరు చూస్తారు? ఎన్నాళ్ళు దాస్తారు? మా ఇంట్లో వద్దంటే ఆపేస్తారా? అడిగేశాను. "ఇంకా తేలలేదమ్మా. మొబైల్ నెట్‌వర్క్‌ల రూల్స్ రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీలో స్టాండర్డ్ రాసేశాక మార్చడం కష్టం, అందుకే ఇప్పుడే అడగాలి" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పినందుకే అతనికి ఒక స్టారు.

"మనం చెబితే వింటారా బాబూ?" అన్నారు మా టేబుల్‌లోనే ఉన్న చీరాల పెద్దాయన. 5జీ అప్పుడు పల్లెల్లో టవర్లు 6 కిలోమీటర్ల ఎడంలో ఉన్నా పనిచేయాలన్న పరీక్షను మన దేశం పట్టుబట్టి ఐటీయూ చేత ఒప్పించిందని కుర్రాడు చెప్పాడు. అది ఇంజనీర్లు ఇంజనీర్లతో మాట్లాడుకుని సాధించింది, మన లెక్కలోకి రాదంటాను. చెబితే వింటారనడానికి నేనైతే రీచార్జ్ సంగతి చెప్పాను. డేటా లేకుండా కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే ప్యాక్ ఉండాలా అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జూలైలో పత్రం పెట్టి అభిప్రాయాలు తీసుకుంది, డిసెంబర్‌లో కంపెనీలకు తప్పనిసరి చేసింది. మా వంటామె కీప్యాడ్ ఫోన్‌కి ఇప్పుడు అదే వేయిస్తున్నాను.

ఇక లోపాలు. చివర్లో అన్ని టేబుళ్ళ మాటలూ చార్టు మీద ఎక్కించారు. నేను అడిగిన మూడు ప్రశ్నలూ కలిసి "ప్రైవసీ కాపాడాలి" అన్న ఒక్క ముక్క అయిపోయాయి. అలా రాస్తే ఎవరైనా సరేనంటారు, ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. లేచి గొడవ పెట్టి మూడూ విడివిడిగా రాయించాను. ఆ చార్టులు ఎవరికి పంపుతారంటే "సంబంధిత అందరికీ" అన్నారు. టెలికాం శాఖకా, భారత్ 6జీ అలయన్స్‌కా, స్టాండర్డ్స్ చూసే టీఎస్‌డీఎస్ఐకా, పేరు చెప్పాలి కదా. పైగా శనివారం పొద్దున పెడితే వచ్చేది ఐటీ వాళ్ళే. రోజంతా నెట్‌వర్క్ మీదే బతికే డెలివరీ పిల్లలు, ఆటో వాళ్ళు ఒక్కరూ కనబడలేదు.

టిఫిన్‌కి చౌచౌ బాత్ పెట్టారు, ఉప్మా వైపు బాగుంది. మిగతా రెండు స్టార్లు రిపోర్టు ఎవరికి చేరిందో మెయిల్ వచ్చాక ఆలోచిస్తాను. వెళ్ళేవాళ్ళు మెట్రోలో వెళ్ళండి, అక్కడ బండి పెట్టుకునే చోటు లేదు. మొదటి గంట ఎగ్గొట్టినా పోయేదేం లేదు, టేబుళ్ళ టైమ్‌కి చేరుకుంటే చాలు.