‘ఇది ప్రకటన’ అని చెబితే చాలా? ఇన్‌ఫ్లుయెన్సర్ల జవాబుదారీతనానికి ఏ పద్ధతి మేలు?

ముఖానికి రాసుకునే క్రీము గురించో, కొనదగిన షేరు గురించో, మోకాళ్ల నొప్పి తగ్గించే మాత్ర గురించో ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ కెమెరా వైపు చూసి ‘మూడు నెలలుగా నేను ఇదే వాడుతున్నాను’ అన్నప్పుడు, వినేవారికి రెండు సందేహాలు కలగాలి. ఆ మాట చెప్పడానికి ఎవరైనా డబ్బు ఇచ్చారా అన్నది ఒకటి. ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మాట నిజమేనా అన్నది రెండోది. చాలా దేశాల్లో నియమాలు మొదటి ప్రశ్న చుట్టూనే అల్లుకున్నాయి. నష్టం మాత్రం ఎక్కువగా రెండో ప్రశ్న దగ్గర జరుగుతోంది. ‘ఇది ప్రకటన’ అని వెల్లడించే ముద్ర, ముందే శిక్షణ పొంది తెచ్చుకునే ధ్రువపత్రం, ఫాలోవర్ల ఆగ్రహం, చట్టం వేసే శిక్ష అనే నాలుగు పద్ధతులను ఈ తేడాను మనసులో పెట్టుకొని పోల్చి చూస్తే, వాటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది.

ముందుగా ముద్ర సంగతి. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో తన మార్గదర్శకాలను సవరించి, బ్లాగర్లు కూడా తమకు ముట్టిన డబ్బునూ ఉచితంగా అందిన వస్తువులనూ వెల్లడించాలని స్పష్టం చేసింది. భారతదేశంలో ప్రకటనల రంగం స్వయంగా ఏర్పాటు చేసుకున్న నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో ఇచ్చిన నియమాలు ఇంకా సూక్ష్మంగా ఉన్నాయి. 15 సెకన్లకు మించని వీడియోలో ముద్ర కనీసం 3 సెకన్లు కనబడాలి; రెండు నిమిషాల లోపు వీడియోలో మూడో వంతు సేపు నిలవాలి; అంతకన్నా పెద్దదైతే ఆ వస్తువు ప్రస్తావన సాగినంతసేపూ ఉండాలి. ఈ పద్ధతికి ఉన్న పెద్ద సుగుణం తనిఖీ సులువు కావడం. ముద్ర ఉందా లేదా అన్నది కళ్లున్న ఎవరైనా చెప్పగలరు. వస్తువు మంచిదా కాదా అని ఏ అధికారీ తీర్పు ఇవ్వనక్కరలేదు.

అంత సులువైన నియమాన్నే పాటించడం లేదన్నది వేరే సంగతి. యూరోపియన్ కమిషన్, సభ్యదేశాల వినియోగదారుల రక్షణ సంస్థలు కలిసి 576 మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల పోస్టులను పరిశీలించి 2024 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించినప్పుడు, వారిలో 97 శాతం మంది వాణిజ్య పోస్టులు పెడుతున్నారనీ, ఆ విషయాన్ని క్రమం తప్పకుండా చెబుతున్నవారు 20 శాతమేననీ తేలింది. చెప్పేవారిలోనూ కొందరు ఎలా చెబుతారో ఫోన్ తెరను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. వీడియో కింద రెండు పంక్తుల రాత కనిపిస్తుంది, ఆ తరువాత ‘ఇంకా చూడండి’ అని ఉంటుంది, దాన్ని నొక్కితే ఇరవై హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో పదిహేడోదిగా ‘ప్రకటన’ అన్న మాట దొరుకుతుంది. చట్టం అడిగిన పదం అక్కడ ఉంది. దాన్ని చదివినవారు లేరు.

అయితే ముద్రను అందరూ నిక్కచ్చిగా, పెద్ద అక్షరాలతో వేసినా అసలు సమస్య తీరదనే నా అభిప్రాయం. ఇందుకు డేలైన్ కేన్, జార్జ్ లోవెన్‌స్టైన్, డాన్ మూర్ అనే ముగ్గురు పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగం గుర్తు చేసుకోవాలి. నాణేలు నింపిన సీసాలో ఎంత డబ్బుందో కొందరు అంచనా వేయాలి. వారికి ఆ సీసాను దూరం నుంచి, కొద్ది సేపే చూపిస్తారు. దాన్ని దగ్గరగా పరిశీలించిన మరికొందరు వారికి సలహా ఇస్తారు. కొందరు సలహాదారులకు అంచనా సరిగ్గా వచ్చినకొద్దీ డబ్బు ముడుతుంది. మరికొందరికి అంచనా ఎంత ఎక్కువ పలికితే అంత ఎక్కువ ముడుతుంది. ఈ రెండో రకం సలహాదారుల లాభం సంగతి అంచనా వేసేవారికి ముందుగానే తెలియజేసిన సందర్భాల్లో, సలహాదారులు తగ్గడానికి బదులు తమ అంకెను మరింత పెంచి చెప్పారు. వినేవారు కొంత తగ్గించుకున్నారు గానీ తగ్గించుకోవలసినంత తగ్గించుకోలేదు. చెప్పవలసింది చెప్పేశాను, ఇక నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం అన్న భావన సలహా ఇచ్చేవాడి చేతులు కడిగేస్తుంది. ఇన్‌ఫ్లుయెన్సర్లలోనూ ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అన్న బూడిదరంగు అక్షరాలు పైన వేసి, కింద ఏ హద్దూ లేకుండా మాట్లాడేవారు కనబడుతూనే ఉంటారు.

ముద్ర వేసినంత మాత్రాన బాధ్యత తీరిపోదని చెప్పడానికి అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ వ్యవహారం మంచి ఉదాహరణ. ఇథీరియంమ్యాక్స్ అనే క్రిప్టో టోకెన్‌ను ప్రచారం చేస్తూ 2021లో ఆమె పెట్టిన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులో అది ప్రకటన అని సూచించే హ్యాష్‌ట్యాగ్ ఉంది. అయినా అందుకు తాను 2,50,000 డాలర్లు తీసుకున్న సంగతి వెల్లడించలేదన్న అభియోగంతో అమెరికాలో షేర్ల వంటి పెట్టుబడుల మార్కెట్లను నియంత్రించే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ చర్య తీసుకోగా, 2022 అక్టోబరులో ఆమె 12.6 లక్షల డాలర్లు చెల్లించడానికీ, మూడేళ్లపాటు క్రిప్టో ప్రచారం చేయకుండా ఉండడానికీ అంగీకరించారు. ఎవరో డబ్బు ఇచ్చారని తెలియడం వేరు, ఎంత ఇచ్చారో తెలియడం వేరు. అంకె చూస్తే మాట బరువు మారుతుంది. ఆ టోకెన్ కొనదగినదేనా అన్న ప్రశ్న మాత్రం ఈ వ్యవహారంలో కూడా పక్కనే ఉండిపోయింది.

ధ్రువపత్రం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫ్రాన్సులో ప్రకటనల స్వయంనియంత్రణ సంస్థ 2021లో బాధ్యతాయుత ఇన్‌ఫ్లుయెన్సర్ ధ్రువపత్రాన్ని ప్రవేశపెట్టింది. శిక్షణ పొంది, పరీక్ష రాసి దాన్ని తెచ్చుకోవచ్చు. నియమాలు తెలియక తప్పు చేసే కొత్తవారికి ఇది మేలే. కానీ నియమం తెలిసీ దాటేవాడికి పత్రం అడ్డు రాదు, సరికదా అలంకారమవుతుంది. చైనా 2022లో తెచ్చిన నియమావళి దీనికి భిన్నమైనది: వైద్యం, న్యాయం, ఆర్థికం, విద్య వంటి విషయాలపై లైవ్‌లో మాట్లాడేవారికి ఆ రంగంలో అర్హత ఉండాలని అది అంటుంది. భారతదేశంలో ఆస్కీ కూడా 2023లో ఆరోగ్యం, ఆర్థిక సేవల ప్రచారానికి తగిన అర్హతలు ఉండాలన్న షరతును చేర్చింది. ప్రవర్తనకు ఇచ్చే పత్రంకన్నా విషయజ్ఞానానికి అడిగే పత్రం విలువైనదని ఒప్పుకుంటాను. వైద్య పట్టా ఉన్నవారే పనికిరాని పొడులను అమ్మడం చూస్తున్నాం కనుక అది కూడా సగం రక్షణే.

ఇక ఫాలోవర్ల ఆగ్రహం. అన్నిటికన్నా వేగంగా పనిచేసేది ఇదే; నోటీసులు, విచారణలు లేకుండా ఒక్క సాయంత్రంలో లక్షల మంది లెక్క అడగగలరు. దీన్ని చిన్నచూపు చూడలేం, ఎందుకంటే అధికారుల చెవికి చేరిన చాలా మోసాలను ముందుగా పట్టుకున్నది మామూలు ప్రేక్షకులే. కానీ గుంపు కోపం నష్టాన్ని బట్టి ఉండదు, మనిషి మీద అప్పటికే ఉన్న ఇష్టాయిష్టాలను బట్టి ఉంటుంది. నచ్చని మనిషి నోరు జారిన మాటకు నెలల తరబడి తిట్లు పడతాయి, నచ్చిన మనిషి జనం డబ్బు పోగొట్టినా ఒక క్షమాపణ వీడియోతో బయటపడతాడు. ఆ క్షమాపణ ఎక్కడ పెడతారో గమనించండి. తప్పు మాట ఉన్న రీల్ లక్షల మంది చూసేలా పేజీలో ఏళ్ల తరబడి ఉంటుంది. దిద్దుబాటు మాత్రం 24 గంటల్లో మాయమయ్యే స్టోరీలో వస్తుంది. ఇంకొందరు రీల్‌ను చడీచప్పుడు లేకుండా తీసేస్తారు. అలా తీసేస్తే అప్పటికే నమ్మి కొన్నవారికి కబురు అందదు. తప్పు చెప్పిన చోటనే, అదే రూపంలో దిద్దుబాటు చెప్పాలన్న ఒక్క నియమాన్ని సోషల్ మీడియా వేదికలు పెట్టినా ఈ పద్ధతి విలువ రెట్టింపవుతుంది. ఇప్పుడున్న స్థితిలో ఇది హెచ్చరిక గంట మాత్రమే.

నాలుగోది చట్టం. ఫ్రాన్సు 2023 జూన్ 9 నాటి చట్టంలో నిర్దిష్ట నిషేధాలను ఉల్లంఘించే ఇన్‌ఫ్లుయెన్సర్లకు రెండేళ్ల జైలు, 3 లక్షల యూరోల జరిమానా వరకు శిక్ష పెట్టింది. సౌందర్య శస్త్రచికిత్సల ప్రచారం ఆ నిషేధాల్లో ఒకటి. భారత వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనలో పాల్గొన్న ప్రచారకర్తకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఏడాదిపాటు, పునరావృతమైతే మూడేళ్ల వరకు ప్రచారం చేయకుండా నిలిపివేయవచ్చు. చూడడానికి ఇది గట్టి పద్ధతి. ఆచరణలో దీనికి రెండు లోపాలు ఉన్నాయి: శిక్ష చేతులు కాలాక వస్తుంది, పైగా రుజువు చేయడానికి వీలైన చోటనే పడుతుంది.

ఆస్ట్రేలియాకు చెందిన బెల్ గిబ్సన్ కథలో ఈ రెండు లోపాలూ కనిపిస్తాయి. తనకు మెదడు క్యాన్సర్ ఉందనీ, ఆహార నియమాలతో దాన్ని అదుపు చేసుకుంటున్నాననీ చెప్పి ఆమె పేరు తెచ్చుకున్నారు, యాప్ అమ్మారు, పుస్తకం వేశారు; అసలు ఆ జబ్బే లేదని 2015లో ఒప్పుకున్నారు. 2017లో ఫెడరల్ కోర్టు ఆమెకు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అయితే ఆ మొత్తం లెక్కించింది దానంగా ఇస్తానని చెప్పి ఇవ్వని డబ్బు విషయంలో ఆమె ఆడిన అబద్ధాలకు. జబ్బు గురించిన కథ విని చికిత్స విషయంలో ఎందరు తడబడి ఉంటారో ఏ జరిమానా లెక్కలోకీ రాలేదు. ముద్ర పద్ధతి ఇక్కడ ఎందుకూ పనికిరాదన్నది కూడా గమనించాలి, ఎందుకంటే ఆమె చెప్పింది వేరే బ్రాండు దగ్గర డబ్బు తీసుకొని చెప్పిన మాట కాదు. అమ్మినది తన కథనే. ఆమె పుస్తకం వేసిన ప్రచురణ సంస్థ వైద్య ఆధారాలు అడిగి చూసుకోలేదు, చివరికి వినియోగదారుల నిధికి 30,000 డాలర్లు చెల్లించింది. అచ్చుకు ముందు వైద్యుడి రిపోర్టు ఒక్కటి చూపించమని అడిగి ఉంటే ఆ పుస్తకం వచ్చేదే కాదు.

ఈ చివరి వాక్యం దగ్గరే నా మొగ్గు ఉంది. ముద్రా కాదు, శిక్షా కాదు. మాట బయటికి పోకముందు దాన్ని పరిశీలించావా అని అడిగే పద్ధతి మేలు. భారత చట్టంలో జరిమానాల గురించే అందరూ మాట్లాడతారు గానీ, అదే సెక్షనులో అంతగా ఎవరూ పట్టించుకోని ఉపవాక్యం ఒకటి ఉంది: ప్రకటనలోని మాటల నిజానిజాలను తగిన శ్రద్ధతో సరిచూసుకున్న ప్రచారకర్తకు జరిమానా వర్తించదు. పైకి ఇది తప్పించుకునే సందులా కనబడుతుంది, నిజానికి మొత్తం చట్టంలో పనికొచ్చే మాట ఇదే. మనసులో ఉన్న దురుద్దేశాన్ని ఎవరూ రుజువు చేయలేరు. పరిశీలన చేసిన జాడ కాగితం మీద ఉందో లేదో ఎవరైనా చూడగలరు. ముద్రకు ఉన్న తనిఖీ సౌలభ్యం దీనికీ ఉంది, అయితే ఇది తేల్చేది డబ్బు సంగతి కాదు, నిజం సంగతి.

చిన్న ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇంత భారం తగదన్న అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. అందుకే భారాన్ని ఫాలోవర్ల సంఖ్యను బట్టి కాక విషయాన్ని బట్టి నిర్ణయించాలి. ఆ సంఖ్య చూసి బాధ్యతను కొలవడం వాపును చూసి బలుపు అనుకోవడమే, అందులో డబ్బిచ్చి కొనుక్కున్న దొంగ ఫాలోవర్లు ఎందరో తెలియదు. లిప్‌స్టిక్ రంగు నచ్చిందని చెప్పేవారిని ఆధారాలు అడగడం హాస్యాస్పదం. మధుమేహం తగ్గుతుందన్నవారిని, నెలకు ఇంత రాబడి ఖాయం అన్నవారిని మాత్రం, ఫాలోవర్లు వేయిమందే అయినా అడగవలసిందే.

ఇంతకీ పరిశీలన అంటే గొప్ప పరిశోధన కాదు. వీడియోలో ఏం చెప్పాలో, ఏం చూపాలో వివరిస్తూ బ్రాండు నుంచి వచ్చే బ్రీఫ్‌ను తెరిస్తే ఇలాంటివి ఉంటాయి: మొదటి మూడు సెకన్లలో ప్యాకెట్ కనబడాలి, ‘నేను వాడుతున్నాను’ అనాలి, ‘వైద్యులు సిఫారసు చేసినది’ అనాలి, పోటీ వస్తువు పేరు ఎత్తకూడదు, డిస్కౌంట్ కోడ్ రెండుసార్లు చెప్పాలి. ఇందులో సరిచూడవలసిన మాటలు రెండే. నేను నిజంగా వాడానా, ఎన్నాళ్లు వాడాను అన్నది తనను తాను అడగాలి. ఏ వైద్యులు సిఫారసు చేశారు, ఏ పరీక్ష ఆధారంగా చేశారు అన్నది బ్రాండును మెయిల్‌లో అడగాలి. ఆ మెయిల్, దానికి వచ్చిన జవాబు, జత చేసిన రిపోర్టు, వాడడం మొదలుపెట్టిన తేదీ అన్నీ కలిపి ఒక పేజీ అవుతాయి.

ఆ మెయిల్‌కు కొన్ని బ్రాండులు రిపోర్టు పంపుతాయి. మిగతావి జవాబివ్వకుండా, అడగని ఇంకొక ఇన్‌ఫ్లుయెన్సర్‌ను వెతుక్కుంటాయి. శ్రద్ధ చూపినవారు ఒప్పందం పోగొట్టుకొని, చూపనివారు దాన్ని దక్కించుకునే ఈ పరిస్థితిని ఒంటరిగా ఏ ఇన్‌ఫ్లుయెన్సరూ మార్చలేరు. కాబట్టే ఫ్రెంచి చట్టంలో జైలు శిక్షకన్నా నాకు ముఖ్యంగా తోచేది, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనీ, మూడో వ్యక్తికి జరిగిన నష్టానికి ప్రకటనకర్త, ఇన్‌ఫ్లుయెన్సర్, మధ్యవర్తి కలిసి బాధ్యులనీ చెప్పే నిబంధన. నష్టపరిహారం తన ఖాతాలోంచే పోతుందని తెలిసిన బ్రాండు, రిపోర్టు అడిగే ఇన్‌ఫ్లుయెన్సర్‌ను చూసి విసుక్కోదు. అడగనివారితోనే దానికి ప్రమాదం.