భుజం మీదికి పోయే చెయ్యి: స్లీవ్‌లెస్ డ్రెస్సు కింద బ్రా పట్టీతో ఆరేళ్ళు

ఏ ఉపాయం పనిచేస్తోందో తేల్చుకోవడానికి నాకు ఒకటే కొలత. డ్రెస్సు వేసుకున్నప్పటి నుంచి విప్పేదాకా నా చెయ్యి ఎన్నిసార్లు భుజం మీదికి వెళ్ళింది? అంతే. పట్టీ అంచు కాస్త కనిపిస్తే కొంప మునుగుతుందని నేను అనుకోను. చూసినవాళ్ళు చూసి ఊరుకుంటారు. నన్ను విసిగించేది జారడం. మాట్లాడుతూనే వేలు లోపలికి పోనిచ్చి పట్టీని పైకి లాక్కుంటాను, అర నిమిషం గడవకముందే అది మళ్ళీ దండ మీదికి దిగుతుంది. ఒకసారి పదిమంది ముందు నేను మాట్లాడుతుండగా తీసిన వీడియో చూసుకున్నాను. పది నిమిషాల్లో పద్నాలుగు సార్లు భుజం తడుముకున్నాను. ఏం మాట్లాడానో నాకే గుర్తు లేదు, ఆ చెయ్యి మాత్రం గుర్తుండిపోయింది.

వారానికి మూడు నాలుగు రోజులు స్లీవ్‌లెస్ వేసుకుంటాను. ఆరేళ్ళలో పిన్నీసులు, వీపు వెనక బిగించే క్లిప్పులు, రెండు వైపులా అంటుకునే టేపు, పారదర్శకమైన పట్టీలు, అసలు పట్టీలే లేని బ్రా, డ్రెస్సు లోపల కుట్టుకునే రిబ్బన్ లూపు, ఇవన్నీ నెలల తరబడి వాడాను. ఒక్కొక్కటీ ఏమయిందో చెబుతాను.

మొదట అందరిలాగే పిన్నీసు. వాల్టర్ హంట్ అనే అమెరికన్ 1849లో దీనికి పేటెంటు తీసుకుని, హక్కులను 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఇన్నేళ్ళయినా అత్యవసరంలో చేతికి దొరికేది ఇదే. కానీ డ్రెస్సునూ పట్టీనీ కలిపి గుచ్చితే జరిగేది వేరు. చెయ్యి పైకెత్తినప్పుడల్లా పట్టీ లాగుతుంది, ఆ లాగుడంతా గుడ్డలోని రెండు చిన్న రంధ్రాల మీద పడుతుంది. నా లేతనీలం డ్రెస్సుకు భుజం దగ్గర పోగులు తెగి, సూది మొనంత రంధ్రాలు నాలుగు పడ్డాయి. చెమటకు పిన్ను తుప్పు పట్టి గోధుమరంగు చుక్క కూడా మిగిల్చింది. అది ఏ సబ్బుకీ పోలేదు. తర్వాత నేర్చుకున్నదేమిటంటే, పిన్నును పట్టీలోంచి గుచ్చకూడదు. భుజం కుట్టు లోపల మిగిలి ఉండే మార్జిన్‌కు మాత్రమే గుచ్చి, పట్టీని పిన్ను కిందుగా పోనివ్వాలి. పట్టీని కట్టిపడేయక్కర్లేదు, పక్కకు పోకుండా దారి చూపిస్తే చాలని నాకు మొదట తట్టింది అక్కడే. తట్టినా, ఆ దారిలో ఇంకో అడుగు వేయడానికి రెండేళ్ళు పట్టింది. మధ్యలో కొత్త వస్తువులు చాలా ఆకర్షించాయి.

క్లిప్పు వాటిలో మొదటిది. రెండు పట్టీలనూ వీపు మధ్యకు లాగి పట్టుకునే చిన్న ప్లాస్టిక్ ముక్క. చంక దగ్గర లోతుగా కోసిన డ్రెస్సులకు, భుజాలు మెడ వైపు జరిగి ఉన్న డ్రెస్సులకు ఇది తప్ప వేరే దారి లేదని ఇప్పటికీ అంటాను. పట్టీ అసలు జారదు, జారే సందే ఉండదు. అయితే రెండు పట్టీలూ ఏటవాలుగా వెళ్ళడంతో దూరం పెరుగుతుంది. ముందుగా పట్టీలను రెండు మూడు సెంటీమీటర్లు వదులు చేయకుండా క్లిప్పు పెడితే కప్పులు పైకి లేచి, బరువంతా మెడ మొదట్లో పడుతుంది. నాకు మూడో గంటకల్లా మెడ నరం పట్టేసేది. ఇది క్లిప్పు తప్పు కాదని, వదులు చేసుకోని నా తప్పని తెలుసుకునేసరికి ఒక క్లిప్పు విరిగిపోయింది. వంగి చెప్పుల బకిల్ పెట్టుకుంటుంటే వీపు వెనక టప్పుమని చప్పుడయింది. విరిగిన ముక్క సాయంత్రం దాకా లోపలే తిరిగింది. రెండోది మూడేళ్ళుగా పనిచేస్తోంది. వారానికి ఒకరోజుకు మించి వాడను.

టేపు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఒంటికి ఏ క్రీమూ నూనే రాయకముందు, పొడి చర్మం మీద అంటిస్తే నాలుగు గంటలు నిలుస్తుంది. చెమట పడితే రెండే. చర్మానికి కాకుండా పట్టీకీ డ్రెస్సు లోపలి గుడ్డకీ మధ్య అంటిస్తే ఇంకాస్త నయం, చర్మం ఎర్రబడదు. కానీ సిల్కు మీద జిగురు మరక వదులుతుంది. ఊడిపోయిన ముక్క ఊరుకోదు, నా విషయంలో జుట్టుకు అంటుకుంది. ఫొటోల కోసం ఒక గంట వేసుకునే డ్రెస్సయితే సరే, రోజంతా తిరగడానికి పనికిరాదు.

పారదర్శకమైన పట్టీలంటే నాకు కొంచెం కోపం. కనిపించవని పేరే గానీ దీపం వెలుతురు పడగానే తళుక్కుమంటాయి. గుడ్డ పట్టీ కనిపిస్తే పట్టీ కనిపించిందనుకుంటారు. ఇది కనిపిస్తే దాచాలనుకుని దాచలేకపోయారని తెలిసిపోతుంది. సాగవు కాబట్టి భుజాన్ని కోస్తాయి, చెమటకు చర్మానికి అతుక్కుంటాయి, ఒక ఏడాదికి పసుపు రంగుకు తిరుగుతాయి. ఒక్క జతతో ఆపేశాను.

పట్టీలే లేని బ్రా మీద పెట్టుకున్న ఆశలు పెద్దవి. సమస్యకు మూలాన్నే తీసేస్తే గొడవే ఉండదని అనుకున్నాను. ఉంది. పట్టీ జారే బదులు మొత్తం బ్రాయే జారుతుంది. భుజం తడుముకునే చెయ్యి ఇప్పుడు పక్కటెముకల దగ్గరికి పోతుంది, అదీ నలుగురిలో చేయలేం. లోపలి అంచున సిలికాన్ పట్టీ ఉంటుంది, పట్టంతా దానిదే. పౌడరు రాసుకుంటే ఆ పట్టు పోతుంది. ఉతికినప్పుడు దూది పోగులు అంటుకున్నా పోతుంది. ప్రతిసారీ ఆ అంచును తేలికైన సబ్బుతో వేళ్ళతో రుద్ది కడిగితే మళ్ళీ పట్టు వస్తుంది. ఇది తెలియక ఏడాది పాటు పాడైపోయిందని దాన్ని మూలన పడేశాను. కడిగాక నయమే, కానీ మెట్లెక్కి దిగే రోజున ఇప్పటికీ నమ్మను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే సగం వస్తువులు కొనేదాన్ని కాదు. పట్టీ జారడానికి కారణం చాలాసార్లు పట్టీ కాదు, ఒంటి చుట్టూ తిరిగే బ్యాండు. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది అది. బ్యాండు వదులైతే వెనక పైకి ఎగబాకుతుంది. వెనక పైకి పోయిన కొద్దీ పట్టీ సడలి భుజం దిగుతుంది. అద్దానికి పక్కగా నిలబడి చూస్తే తెలిసిపోతుంది. బ్యాండు నేలకు సమాంతరంగా ఉండాలి, వెనక వైపు ఎక్కి ఉండకూడదు. కిందుగా రెండు వేళ్ళు పడితే సరి, పిడికిలి పడితే వదులు. నేను చేసిన పొరపాటు ఇంకొకటి ఉంది. కొత్తది కొనేటప్పుడు లోపలి వరుస హుక్కుకు సరిపోయేది చూసి కొనేదాన్ని. నాలుగు నెలలకు ఎలాస్టిక్ సాగితే ఇక బిగించడానికి వరుస మిగలదు. అన్నింటికన్నా వదులుగా ఉండే బయటి చివరి వరుసకు సరిపోయేది కొంటే, సాగినకొద్దీ లోపలికి జరగవచ్చు. సైజు మార్చిన మొదటి వారంలోనే నా చెయ్యి భుజం మీదికి పోవడం సగానికి తగ్గింది, ఏ పరికరమూ లేకుండా.

ఆ సాగే గుణమంతా స్పాండెక్స్‌ది. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారు చేసిన దారం అది. వేడి తగిలితే దాని బతుకు అయిపోయినట్టే. వేడినీళ్ళు, ఆరబెట్టే యంత్రం మానేశాక నా పట్టీలు రెట్టింపు కాలం వచ్చాయి. పట్టీ పొడవు సర్దే చిన్న అడ్జస్టర్ పాతబడితే అదే కిందికి జారుతుంటుంది. పొడవు ఒకసారి కుదిరాక దాని వెనక అదే రంగు దారంతో రెండు కుట్లు వేసేస్తాను, ఇక కదలదు. నా భుజాలు కాస్త ఏటవాలు, అందులో కుడిది ఇంకా కిందికి. ఏళ్ళ తరబడి సంచీ మోసిన వైపు అదే. సంచీ పట్టీ కూడా బ్రా పట్టీని నెట్టుకుపోతుందని గమనించి, స్లీవ్‌లెస్ వేసుకున్న రోజు సంచీని ఎడమకు మార్చాను. ఇలాంటి భుజాలున్నవాళ్ళు వెనక వైపు పట్టీలు వెన్నెముకకు దగ్గరగా మొదలయ్యే రకం చూసుకోవడం మంచిది. దూరంగా మొదలైతే ఎంత బిగించినా దిగుతుంది.

ఇక రిబ్బన్ లూపు. డ్రెస్సు భుజం కుట్టు లోపల చిన్న రిబ్బన్ ముక్క. ఒక చివర కుట్టేసి ఉంటుంది, రెండో చివర టిచ్ బటన్. పట్టీని దాని కిందుగా పోనిచ్చి టిక్కున నొక్కితే అయిపోయింది. మేరీ ఫెల్ప్స్ జాకబ్ అనే అమెరికన్ యువతి గౌను కింద కార్సెట్ పొడుచుకుని కనిపిస్తోందని విసిగి, రెండు చేతిరుమాళ్ళు, కాస్త రిబ్బన్ కలిపి కుట్టించుకున్నదానికే 1914లో పేటెంటు వచ్చింది. లోపలిది బయటికి కనిపించకూడదన్న చిరాకులోంచే అదీ పుట్టింది. నా చిరాకు కూడా చివరికి రిబ్బన్ దగ్గరే చల్లారిందన్నమాట.

కుట్టడం చూడటానికి సులువే, నేను మాత్రం అన్ని తప్పులూ చేశాను. మొదటిసారి రిబ్బన్‌ను డ్రెస్సు గుడ్డతో సహా కుట్టేశాను. బయటి నుంచి చూస్తే భుజం మీద బొడ్డులా చిన్న గుంట. విప్పి, లోపలి మార్జిన్‌కు మాత్రమే కుట్టాను, గుంట పోయింది. రెండో తప్పు దిక్కు. కుట్టిన చివర మెడ వైపు, బటన్ చెయ్యి వైపు పెట్టాను. ఒకరోజు పై అరలోంచి డబ్బా దించుతుంటే టిక్కుమంది, మరుక్షణం పట్టీ దండ మీద. ఆలోచిస్తే కారణం తెలిసింది. పట్టీ ఎప్పుడూ బయటికే నెడుతుంది, నెట్టుడంతా బటన్ మీద పడుతోంది. తిప్పి, కుట్టిన చివరను చెయ్యి వైపు, బటన్‌ను మెడ వైపు పెట్టాను. ఇప్పుడు నెట్టుడు కుట్టు మీద పడుతుంది, బటన్ ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారీ దానంతట అది ఊడలేదు.

కొలతలు కూడా చెబుతాను. నా పట్టీ వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లు. అర సెంటీమీటరు వెడల్పున్న సాటిన్ రిబ్బన్‌ను అయిదు సెంటీమీటర్లు కత్తిరిస్తాను. రెండు చివరలూ మడిచి కుట్టాక మూడుకు కాస్త తక్కువ మిగులుతుంది, పట్టీ ఇరుక్కోకుండా అటూ ఇటూ కదిలేంత. ఈ కదలిక ముఖ్యం. మరీ బిగుతుగా పెడితే చెయ్యెత్తినప్పుడు పట్టీతో పాటు డ్రెస్సు భుజం కూడా లేస్తుంది. చివరలు పోగులు పోకుండా కొవ్వొత్తి మంటకు చూపించి వెంటనే తీసేయాలి. వెంటనే అంటే వెంటనే. నేనొకసారి క్షణం ఎక్కువ ఉంచితే నల్లటి గట్టి గుండులా ముడుచుకుపోయింది. పరవాలేదులే అని కుట్టేశాను, సాయంత్రానికి భుజం మీద గీరుకుపోయిన గీత. ఇస్త్రీ పెట్టె తగిలి ఇంకొకటి కరిగిపోయింది. అప్పటి నుంచి భుజం దగ్గర లోపలి వైపు ఇస్త్రీ చేయను. ఉతకడానికి వేసేముందు బటన్ మూసేయాలి, లేకపోతే పక్కనున్న లేసును పట్టుకుని చింపుతుంది. తెల్ల డ్రెస్సులకు లోహపు బటన్లు మానేసి ప్లాస్టిక్‌వి పెడుతున్నాను, తుప్పు భయం లేదు.

మొదటి జత కుట్టడానికి నలభై నిమిషాలు పట్టింది, ఇప్పుడు పావుగంట. పదకొండు డ్రెస్సులకు కుట్టాను. అన్నింటికన్నా పాతదానికి నాలుగేళ్ళు, రిబ్బన్ ఒకసారి మార్చాను. లూపు ఉన్న రోజు చెయ్యి భుజం మీదికి వెళ్ళడం ఒకటో రెండో సార్లు, అదీ అలవాటు కొద్దీ. ఆ వేలికి అక్కడ పనేమీ దొరకదు.

లోపాలు లేకపోలేదు. డ్రెస్సు భుజం పట్టీ కన్నా సన్నగా ఉంటే దాచడానికి చోటే ఉండదు, అక్కడ లూపు ఏమీ చేయలేదు. చంక లోతుగా కోసిన దానికీ అంతే, వాటికి క్లిప్పే గతి. మరీ పల్చటి అల్లిక గుడ్డకు మార్జిన్ ఉండదు, కుట్టితే ముడతలు పడుతుంది. వేసుకునేటప్పుడు మెడలోంచి చెయ్యి పెట్టి కళ్ళు లేనివాళ్ళలా బటన్ వెతుక్కోవాలి. మొదటి నెలంతా ఎడమ వైపుది నాకు లొంగలేదు.

అన్నింటికన్నా పెద్ద లోపం రాత్రి తెలుస్తుంది. డ్రెస్సు ఇప్పుడు బ్రాకు తగిలించి ఉందన్న సంగతి మరిచిపోయి, అలసటలో తల మీదుగా లాగేస్తే ఇక ముందుకూ రాదు, వెనక్కూ పోదు. మొన్న అలాగే రెండు చేతులూ పైన, తల డ్రెస్సు లోపల, కళ్ళకు పువ్వుల గుడ్డ తప్ప ఏమీ కనబడక "అక్కా" అని అరిచాను. వచ్చింది. "ఏమే, మళ్ళీ బటన్లు విప్పలేదా?" అంటూ లోపలికి చెయ్యి పోనిచ్చి రెండూ ఊడదీసింది. తీసినదాన్ని తిరగేసి, రిబ్బన్‌ను గోటితో లాగి చూసి, తనవి మూడు డ్రెస్సులున్నాయి, వాటికీ కుట్టిపెట్టమంది. ఒకదానికి కుట్టాను. మిగతా రెండింటికీ మార్జిన్ లేదు.